మాణిక్యం అసలు రంగు

చూపు పోయిన నాంచారమ్మకు, ఊళ్లో చాలామందికి పెట్టినట్టే, కెమెరా కళ్లు పెట్టారు. వాటిలో లోకం, సినిమావాళ్లు ఇంకా రంగులు దిద్దని లాగ్ వీడియోలా, బూడిద పూసినట్టు వెలవెలబోయింది. ఆ కళ్లు చేసిన కంపెనీవాళ్ల రెడీమేడ్ రంగుల సెట్టింగు వేసుకుంటే కూతురు మాణిక్యం తెల్లగా, పరాయిపిల్లలా కనిపించింది.

"ఇది నా బిడ్డ మొహం కాదు," అని ఆ రంగులు తీసేసి, కళ్లలో రంగులు తనే దిద్దుకోవడం నేర్చుకోసాగింది. మల్లెరేకులు తెల్లటి ముద్దగా కలిసిపోకుండా ముందు వెలుగు తగ్గించింది. తర్వాత పసుపు, కుంకుమ, కరివేపాకు ఎదురుగా పెట్టుకుని ఒక్కో రంగూ సరిచేసింది. ఎన్నోసార్లు రంగు చెడింది. మళ్లీ మొదలుపెట్టింది.

ఒక ఉదయం మాణిక్యం ఎండలో నిలబడింది. "కనిపిస్తున్నానా అమ్మా?"

"నేరేడుపండులా నిగనిగలాడుతున్నావే తల్లీ!"

సాయంత్రానికల్లా వీధిలో కెమెరా కళ్లున్న తల్లులంతా నాంచారమ్మ దిద్దిన రంగులు అడిగి తమ కళ్లకు వేసుకుని, తమ పిల్లల్ని కళ్లారా చూసుకున్నారు.