మస్కట్ నుంచి నేర్పిన పని

బోథ్‌లోని ఇంట్లో వందన ఆ రోజంతా గర్వంగా తిరిగింది. మస్కట్‌లో పనిచేసే భర్త రంజిత్, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు పంపించి, దాన్ని ఇంటి వైఫై రౌటర్‌గా మార్చే పని ఆమెతోనే చేయించాడు. వీడియో కాల్‌లో అతను ఒక్కో లైను చెబుతుంటే ఆమె పాత లాప్‌టాప్‌లో కొట్టింది.

"నేను చెప్పుడే ఆలస్యం, చేసేస్తున్నవ్. నీకు మంచిగ శాతనైతది," అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అతను ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

వారం తిరగకముందే మళ్లీ వీడియో కాల్ చేశాడు.

"కరీంనగర్‌ల లేడీస్ హాస్టల్ ఎందుకు వెతుకుతున్నవ్?"

ఆ సంగతి వందన అత్తకు కూడా చెప్పలేదు. "నీకెట్ల తెలిసింది?"

"ఇంట్ల ఎవలు ఏ సైటు చూసినా నాకు తెలుస్తది. మొన్న ఆఖరుకు కొట్టిచ్చిన లైన్లు గందుకే. దూరమున్నోనికి జర ఫికరుంటది కదనే."

ఒక్క అక్షరం తప్పు పోకుండా ఆ లైన్లు వందన తానే కొట్టింది.

"కంప్యూటర్ కోర్సు చేద్దామని చూసిన," అంది. "నాకు శాతనైతదని నువ్వే అంటివి. సీటు దొరికినంక మొదలు నీకే చెప్దామనుకున్న."

రంజిత్ నవ్వాడు. "గా మాట నమ్మినవా? పని కావాలని అట్ల అన్ననే."

వందన లేచి బోర్డు కరెంటు వైరు పీకింది. ఆ వైఫై మీదే నడుస్తున్న కాల్‌లో అతని నవ్వు సగంలో ఆగిపోయింది.