గట్టిగా పట్టవే

"కాళ్ళు పట్టడానికి కూడా లైసెన్సేమిటే, విడ్డూరం కాకపోతే!" అంటూ అమ్మమ్మ సోఫాలో కాళ్ళు చాపింది. విజయవాడ నుంచి నిన్ననే అమెరికాలో, ఫ్రిస్కోలోని మనవరాలింట్లో దిగింది.

తన్మయి నవ్వుతూ అరచేతిలో నూనె పోసుకుంది. మసాజ్ థెరపిస్ట్ లైసెన్స్ కోసం ఐదువందల గంటల ట్రైనింగ్‌లో నాలుగువందలు పూర్తిచేసింది.

పిక్క మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఎడమకాలు ఒక్కటే వాచింది, వేడిగా ఉంది. క్లాసులో చెప్పింది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గట్టిగా పట్టవే."

"నో అమ్మమ్మా, రుద్దకూడదు! లాంగ్ ఫ్లైట్ కదా, బ్లడ్ క్లాట్ ఉండొచ్చు. రుద్దితే అది లంగ్స్‌లోకి వెళ్తుంది, ప్రాణం పోతుంది. కదలకు, ప్లీజ్!"

అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేసింది.

సైరన్ దగ్గరపడేసరికి అమ్మమ్మ ముఖం పాలిపోయింది.

"భయపడకు అమ్మమ్మా, నీకేం కాదు."

"నాకేమైనా ఫర్వాలేదే. షిరిడీ నుంచి రాత్రీ పగలూ బస్సులో కూర్చుని వచ్చిన మర్నాడు మీ తాతయ్యకీ ఒక కాలే వాచింది. నూనె పెట్టి గంటసేపు రుద్దాను. హాయిగా ఉంది, ఇంకాస్త గట్టిగా అన్నారు. ఆ సాయంత్రమే పోయారు."

అమ్మమ్మ తన రెండు చేతులూ చూసుకుంది.

"ఇన్నాళ్ళూ గుండెపోటనుకున్నానే."