మోతి కన్ను

అహోబిలంలో దేవతా విగ్రహాలు చెక్కే నాగసుబ్బాచారికి ఆ రాత్రి రంగు పెన్సిళ్లు సైతం బరువయ్యాయి. ఉదయం చనిపోయిన కుక్క మోతి బొమ్మ గీసిస్తేగాని, జ్వరంతో ఉన్న మనవరాలు హిమబిందు అన్నం ముట్టనంటోంది. ఏ రూపానికైనా కన్ను దిద్ది ప్రాణం పోసేది తెల్లవారి పూజ చేశాకే. అది ఆ ఇంటి నియమం.

"కండ్లు యాడ తాతా? గుడ్డిదాన్ని చేస్తాండావా?"

"పొద్దున పెడతాలేమ్మా."

"అయితే నేనూ పొద్దునే తింటా."

కుక్కకేమి శాస్త్రమని, విసిగి ఒక కన్ను దిద్దాడు. పాప ఒక ముద్ద మింగింది.

పెరట్లో, మోతిని పూడ్చినచోట, మట్టి కదిలిన చప్పుడైంది. ఏదో వచ్చి గోడకు తగిలింది. మళ్లీ తగిలింది.

హిమబిందు రెండో ముద్దకు నోరు తెరవలేదు.

"ఆ కన్నూ పెట్టు తాతా. పాపం, దానికి వాకిలి కనపడల్యా."