కండక్టరుగారి చెకింగు

ఎవరో పెద్దాయన ప్రసూతి వార్డు గుమ్మంలో ఖాళీ స్ట్రెచర్‌ని అటూ ఇటూ తోస్తున్నాడు.

హెడ్ నర్సు పరుగున వచ్చింది.

"ఏంటండీ ఆ పని? అదేమన్నా ఆటబొమ్మా?"

"గడప దగ్గర చక్రం ఆగిపోతోంది తల్లీ. నాలుగుసార్లు తోశాను, నాలుగుసార్లూ ఆగింది."

"మీ పేషెంటు ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఊరికే చూసి పోదామని వచ్చాను."

"చూసి పోడానికి ఇదేం ఎగ్జిబిషనా? నడవండి బయటికి!"

ఆయన వెళ్లిపోయాడు. ఎవరూ చూడకుండా ఆమె కూడా స్ట్రెచర్‌ని ఒకసారి తోసింది. ఆగింది. మర్నాడే మేస్త్రీని పిలిపించి గడప చెక్కించింది.

ఆ వార్డులో చేరి ఆమెకు నెల కూడా కాలేదు. ఇరవై మంచాలుంటే నలుగురే బాలింతలు. రెండేళ్ల కిందట ఒక నిండు గర్భిణి, లోపల అడ్మిషన్ చీటీ రాసేలోగా బయట బల్ల మీదే ప్రాణం వదిలిందట. అప్పట్నుంచి జనం ఈ గేటు ముందు నుంచే వెళ్లిపోయి, గంట ప్రయాణం చేసి మరీ పెద్దాసుపత్రిలో కంటున్నారు. ఇలాగే ఉంటే వార్డు మూసేస్తానని సూపరింటెండెంటు తెగేసి చెప్పాడు.

"నేనుండగా మూతపడదు సార్," అంది హెడ్ నర్సు. అనడమైతే అంది గానీ, ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

పై బుధవారం కండక్టరు మళ్లీ ప్రత్యక్షం.

"చీటీ లేందే లోపలికి రానివ్వరటగా తల్లీ?"

"అది రూలు."

"మా బస్సులో ముందు ఎక్కించుకునేవాళ్లం. టికెట్టు తర్వాత కొట్టేవాళ్లం."

"ఎగ్గొట్టి దిగిపోతేనో?"

"ఒకళ్లో ఇద్దరో దిగిపోయేవాళ్లు, కాదనను. నెప్పులు పడే మనిషి ఎక్కడికి దిగిపోతుందమ్మా?"

ఆమె తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది.

"రూలు మారిస్తే బాధ్యత ఎవరిది?" అన్నాడాయన.

"నాది."

ముందు మనిషి లోపలికి, చీటీ తర్వాత. ఆ వారమే రూలు మారింది.

ఇక ప్రతి బుధవారం అదే నస. చివరి మంచం దగ్గర గంట మోగడం లేదనేవాడు. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లకు పిలుపు వినపడటం లేదనేవాడు. వాచ్‌మన్ గసురుకుంటున్నాడనేవాడు. ఆయాలు ఆయనకు 'చెకింగు' అని పేరు పెట్టేశారు.

"అమ్మో, చెకింగు వస్తోందర్రా!"

హెడ్ నర్సు విసుక్కునేది, తిట్టుకునేది, మర్నాటికి బాగు చేయించేది. బాగు చేయించకపోతే ఆ మహానుభావుడు మళ్లీ బుధవారం వచ్చి అదే మాట అంటాడు మరి!

నలుగురు బాలింతలు తొమ్మిదిమందయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఇరవై మంచాలూ నిండాయి. వార్డు మూసేస్తానన్న సూపరింటెండెంటే ఇంకో అయిదు మంచాలు వేయించాడు. ఇదంతా తన కష్టమేనని ఆమె పొంగిపోయింది. పొంగిపోవాల్సిందే, కష్టపడింది కాబట్టి.

మరో అయిదారు నెలలకు ఆసుపత్రుల పనితీరుకు మార్కులు వేసే బృందం వచ్చింది. అదీ బుధవారమే, మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆమె వాళ్లకు ఒక్కో మంచం చూపిస్తూ మాంచి ఊపు మీద ఉంది.

వెనక నుంచి వినిపించింది. "రక్తం దాచే గది తాళంచెవి ఎక్కడుంది తల్లీ?"

అందరూ వెనక్కి తిరిగారు. తాళంచెవి స్టోరు గుమస్తా జేబులో ఉంది. గుమస్తా భోజనానికి ఇంటికెళ్లాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు అటు కదలగానే కండక్టరు మీద విరుచుకుపడింది.

"మీరు మనిషా, పీడా? ఏ జన్మలో పగండీ ఇది? వాచ్‌మన్! ఈయన్ని ఇంకెప్పుడూ లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది!"

ఆయన బయటికి నడిచాడు. ఆ సాయంత్రమే ఆమె నర్సుల బల్ల పక్కన మేకు కొట్టించి తాళంచెవి తగిలించింది.

పై బుధవారం కిటికీ బయట నుంచి ఆయన ఆ మేకు వంక చూడటం ఆయా కంటపడింది. చాలాసేపు చూసి, తల ఊపి, వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదు.

"పీడ విరగడైంది," అంది హెడ్ నర్సు.

ఆ ఒక్క తప్పు పోగా, వార్డుకు అన్ని ఆసుపత్రుల్లోకీ మొదటి స్థానం వచ్చింది.

మూడు నెలల తర్వాత ఒక అమ్మాయి నెప్పులతో వచ్చింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. పొద్దెక్కకముందే పండంటి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. చీటీ రాయడానికి అప్పుడు కూర్చుంది హెడ్ నర్సు.

"మా వార్డుకు వెళ్లమని ఎవరు చెప్పారమ్మా?"

"మా నాన్నండీ. బస్సు కండక్టరు."

హెడ్ నర్సు పకపకా నవ్వింది. "ఆయన మీ నాన్నగారా! రెండేళ్లు మా ప్రాణాలు తోడేశారు తల్లీ! ఏరీ, మనవరాల్ని చూసుకోడానికి రాలేదేం?"

"పోయాడండీ. రెండు నెలలైంది. గుండెపోటు."

కలం ఆగిపోయింది. "ఇంకెప్పుడూ రానివ్వొద్దన్నానమ్మా ఆయన్ని," అంది మెల్లగా.

"చెప్పాడండీ. నవ్వుకున్నాడు కూడా. మా అత్తవారు పెద్దాసుపత్రిలోనే పురుడు పోయిస్తామని పట్టుబట్టారు. నాన్న ససేమిరా అన్నాడు. 'అక్కడ ఆ నర్సమ్మ ఉంది. రెండేళ్లు అన్నీ నా కళ్లతో చూసుకున్నాను. నా కూతుర్ని ఆ చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ పెట్టను' అన్నాడు."

హెడ్ నర్సు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ మార్కులకూ కలగనంత గర్వం కలిగింది.

"అంత నమ్మకమా తల్లీ మా మీద? అసలు మీ నాన్నగారికి ఈ వార్డుతో ఏం పని? ఎందుకలా తిరిగారు?"

ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది.

"మీకు చెప్పనే లేదా అండీ? అప్పుడు చీటీ రాసేలోగా మీ బయట బల్ల మీద పోయింది మా అక్కే."