గోడకు అవతల

పాత మండువా ఇళ్ళు కూలిపోకుండా బాగుచేయించడం హైమవతి పని. నందివాడ దగ్గర ఒక ఇంట్లో, చీకటి పడ్డాక కూడా, చెక్కసుత్తితో గోడ మీద మెల్లగా కొడుతూ గార ఎక్కడ వదులై గుల్లబారిందో చెవితో పట్టుకుంటోంది.

కొట్టడం ఆపింది. చప్పుడు మాత్రం ఆగలేదు.

అది గోడ అవతల నుంచి వస్తోంది. ఒకచోట కొట్టి, కాస్త జరిగి, మళ్ళీ కొడుతున్నారు. పని తెలిసిన చెయ్యే. హైమవతికి భయం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఇంటాయన శేషగిరి గారికి ఫోన్ చేసింది.

"ఈ గోడ వెనక గదేమైనా ఉందాండీ?"

"గదేంటమ్మా! చేపల చెరువు. గోడని ఆనుకునే నీళ్ళు. ఏం, ఎందుకని?"

ఆమె ఫోన్ పెట్టేసింది. చప్పుడు ఇటే జరుగుతూ వస్తోంది. ఊపిరి బిగబట్టి గోడకు చెవి ఆనించింది. చప్పుడు సరిగ్గా ఆ చెవి దగ్గరికే వచ్చి ఆగింది. అక్కడే మరోసారి కొట్టి చూశారు.

"ఇక్కడ గుల్లగా ఉందండీ," అని అవతల ఒక ఆడగొంతు ఎవరితోనో చెప్పింది.



"అయితే పగలగొట్టు," అన్నారు ఇంకెవరో.

మొదటి దెబ్బకే హైమవతి చెంప మీద సున్నం రాలింది.