ఇంట్లో చెప్పొచ్చావా?

ఇంటికి ఇంకా రెండు సందులుండగానే పిట్ట సైకిలు దిగింది. క్యారియర్‌కు కట్టి ఉన్న పసుపు రెయిన్‌కోటు ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున కుక్కింది. పైన పుస్తకాలు సర్దింది.

మోచేతి మీద చర్మం లేచిపోయింది. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది. అవి దాచడం కుదిరే పని కాదు.

పొద్దుటి నుంచీ సిగ్గుతో ఆమె చెవులు మండుతూనే ఉన్నాయి. మొదటి రోజే ఇలా!

ఈ సైకిలు కోసం పిట్ట నెల రోజులు ఇంట్లో నస పెట్టింది. కాలేజీలో ఏడింటికే ల్యాబ్. బస్సు ఏడున్నరకు గాని రాదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పరీక్షకు కూర్చోనివ్వనని మేడమ్ తేల్చి చెప్పేసింది.

అమ్మ రెండు రోజుల్లో మెత్తబడింది. మెత్తబడనిది నాన్నే.

"రోడ్డు సంగతి నీకేం తెలుసే పిట్టా? బళ్లు తోలేవాళ్లంతా మనుషులే అనుకుంటున్నావా?"

పిట్ట వాదించలేదు. కాగితం మీద దారంతా గీసి, మలుపులకు ఎర్రచుక్కలు, గుంతలకు నల్లచుక్కలు పెట్టి చూపించింది. హెల్మెట్ పెట్టుకుని, వంద సార్లు బ్రేకు పట్టి చూపించింది. ఆదివారం నాన్న తనే పరీక్ష పెట్టాడు. చేతులు బార్లా చాచి వీధికి అడ్డంగా నడుస్తూ, "నేనే బస్సుని. ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు.

"బస్సుకి పొట్ట ఎక్కువైంది నాన్నా, పక్కకెళ్లే చోటేదీ?"

వీధి పిల్లలంతా నవ్వారు. నాన్నా నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"పెద్ద బండికి ఎడమ పక్కన ఉండకు. వాడికి నువ్వు కనపడవు. హారన్ కొడితే పంతానికి పోకు, దారిచ్చెయ్. ఒక్క బండి నిన్ను రాసుకుందని తెలిసినా సరే, సైకిలు అటకెక్కుతుంది."

ఇవాళ పొద్దున సన్నగా జల్లు పడింది. నాన్న చీకటితోనే పనికి వెళ్లిపోయాడు. అమ్మ పక్కింటి అక్కనడిగి రెయిన్‌కోటు తెచ్చి తొడిగింది. హెల్మెట్ మీదుగా టోపీ లాగి, "కోడిపిల్లలా ఉన్నావే" అని మురిసిపోయింది.

మార్కెట్ మలుపు దగ్గర వెనక నుంచి హారన్ మోగింది. ఆపకుండా మోగుతూనే ఉంది. పిట్ట దారిచ్చింది. ఇంకాస్త ఇచ్చింది. ఇక ఇవ్వడానికి రోడ్డు మిగల్లేదు. నీళ్ల ట్యాంకరొకటి ఆమెను ఒరుసుకుంటూ మలుపు తిరిగిపోయింది. సైకిలు కాలువ గోడకు కొట్టుకుంది. పిట్ట బురదలో పడింది.

ట్యాంకరు ఆగలేదు. కాస్త నెమ్మదించింది. కేబిన్లోంచి ఒక కేక వచ్చింది.

"ఇంట్లో చెప్పొచ్చావా? రోడ్డేమన్నా నీ అబ్బ సొత్తా?"

ఆ వెనకే ఒక బూతు. అలాంటి మాట పిట్ట తన ఇంట్లో ఏనాడూ వినలేదు. కూరగాయల కొట్టు ముందు ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె తల ఎత్తలేదు. టోపీ ఇంకా కిందికి లాక్కుంది. ట్యాంకరు కనుమరుగయ్యేదాకా ఆ బురదలోనే కూర్చుంది.

చెయ్యి పట్టి లేపిన ముసలావిడ, "వాడి నోరు పడిపోను!" అంది.

"అలా అనకండి" అంది పిట్ట.

ఇప్పుడు గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మ గుండెలు బాదుకుంది.

"జారి పడ్డానమ్మా."

నాన్న అప్పుడే పని నుంచి వచ్చి, తడిసిన ప్యాంటు పైకి మడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు. మోచెయ్యి తిప్పి చూశాడు. దూది తనే తెచ్చాడు. "ఓర్చుకో పిట్టా, అయిపోయింది తల్లీ" అంటూ ఊదుతూ తుడిచాడు.

"రెయిన్‌కోటు గాని చిరిగిందా ఏంటే?" అంది అమ్మ.

"లేదులేమ్మా" అంది పిట్ట గబుక్కున.

నాన్న బయటికెళ్లి సైకిలు చూసొచ్చాడు.

"జారి పడితే హ్యాండిలు అలా వంకరపోదు. ఏ బండి?"

పిట్ట బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"నిజం చెప్తే సైకిలు తీసేస్తాననేగా నీ భయం? తియ్యను. నీ మీద ఒట్టు. చెప్పు."

"ఏదో పెద్ద బండి. నేనే కంగారు పడ్డాను నాన్నా."

"ఆగాడా?"

"లేదు."

"ఏమన్నా అన్నాడా?"

పిట్ట చెవులు మళ్లీ భగ్గుమన్నాయి. "ఏమీ అనలేదు."

"అన్నాడు. నీ మొహమే చెప్తోంది." నాన్న పిడికిలి బిగించాడు. "నా కూతుర్ని పడేసి, పైగా నోరు పారేసుకుని పోతాడా? వాణ్ణి కన్నవాళ్లు నేర్పలేదేమో, నేను నేర్పుతా. నంబరు చెప్పు చాలు."

"చూడలేదు నాన్నా."

"వెనకాల అంతంత అంకెలు రాసుంటే కనపడలేదా?"

"చూడలేదు" అంది పిట్ట, చిరిగిన మోకాలి మీద దారప్పోగు లాగుతూ.

ఆమె చూడక్కర్లేదు, కిందటి నెల నాన్న రంగుడబ్బా పట్టుకుని పక్కన నిలబడితే, ఆయన తోలే ఆ ట్యాంకరు వెనక అంకెలన్నీ కొత్తగా దిద్దింది ఆమే.