బయటి చప్పుడు

"నల్లదాంట్లో బొమ్మ అదిరిపోతుందమ్మా, కాకపోతే త్వరగా వేడెక్కుతుంది. తెల్లది ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు, కానీ ఆటలు తక్కువ," అన్నాడు వీడియో గేముల దుకాణదారు, రెండు గేమ్ పెట్టెలు చూపిస్తూ, మూడోసారి.

"అవి నేనడిగానా? హెడ్‌ఫోన్లు ఒకేసారి ఇద్దరు పెట్టుకోవచ్చా?" కస్సుమంది ఆమె.

"నల్లదానికైతే పెట్టుకోవచ్చు."

"బయటి చప్పుడు వినపడుతుందా?"

అతని ఓపిక నశించింది. "పక్కన పిడుగు పడినా వినపడదు. మీరు గొంతు చించుకున్నా పిల్లలు పలకరు. తర్వాత నా మీద పడకండి!"

"మీ ఉపన్యాసం చాలు. ఇవ్వండి."

అతను విసురుగా నల్లదాని డబ్బా తీసి బల్లమీద పడేశాడు. ఆమె ఉలిక్కిపడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

అతను డబ్బాను మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చేసరికి పిల్లలిద్దరూ ఆటలో ఉండాలి," అంది ఆమె, చేతులు దించుతూ. "ఎలా బిగించాలో చెప్పండి."